విశ్రాంత గురువుల పునరాగమనము

ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయ శిక్షకులొకరు ఇటీవల తాము పూర్వము పనిచేసిన శిక్షణ సంస్థకు మరల వెళ్లిరి. వెళ్లినది సన్మానము పొందుటకు గాదు. పింఛను కాగితములపై సంతకము పెట్టించుకొనుటకును గాదు. ఉపాధ్యాయులకు జరుగుచున్న ఆన్‌లైను శిక్షణలో తోడుపడవలసినదని పూర్వ సహోద్యోగులు కోరగా వెళ్లిరి. ఒకప్పుడు నల్లబల్లయొద్ద నిలిచి బోధించిన గదిలోనే కూర్చుండి, తెరపై కానవచ్చు పలు గ్రామముల ఉపాధ్యాయుల సందేహములకు వారు సమాధానములు చెప్పిరి. ఆ యంత్రమును నడపు విధమును వారికి నేర్పినవాడు ఒకనాటి వారి శిష్యుడే. ఇది చిన్న సంగతి. ఐనను దీనిలో మన విద్యా వ్యవస్థకు సంబంధించిన పెద్ద ప్రశ్న ఇమిడియున్నది.

ఈ శిక్షణ చరిత్ర దీర్ఘమైనది కాదు. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి, జనులు డైట్ అని వ్యవహరించు జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఏర్పడెను. శిక్షణ పొందుటకు ఉపాధ్యాయుడు బడి విడిచి దూరము పోవుట చాలకాలము ఆచారముగ నుండెను. 2017 సెప్టెంబరులో దీక్ష యను ఆన్‌లైను వేదిక వెలసినది. 2019 ఆగస్టులో, 42 లక్షల ఉపాధ్యాయులకు శిక్షణ నొసగ సంకల్పించి, కేంద్ర ప్రభుత్వము నిష్ఠ యను కార్యక్రమమును ఆరంభించినది. మరుసటి యేట కరోనా వ్యాధి బడుల తలుపులు మూయించగా ఆ శిక్షణయు తెరపైకెక్కెను. 2020 జూలై 16న తొలి ఆన్‌లైను నిష్ఠ ఆరంభమైనది మన ఆంధ్రప్రదేశమునకు చెందిన 1,200 మంది ముఖ్య శిక్షకుల కొఱకే. ఆ నెలలోనే వెలువడిన నూతన జాతీయ విద్యావిధానము, ప్రతి ఉపాధ్యాయుడును ఏటికి కనీసము 50 గంటలు తన వృత్తిజ్ఞానాభివృద్ధికి వినియోగింపవలెనని నిర్దేశించినది.

ఈ పద్ధతివలని మేలును మేము కాదనము. ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులు శిక్షణకు పోయినచో బడియే మూతపడును. ఇప్పుడా యిక్కట్టు తగ్గినది. చంటిబిడ్డ గల ఉపాధ్యాయిని ఇల్లు విడువ నక్కరలేదు. ఒకమారు వినిన పాఠమును మరల వినవచ్చును. కాని లోపమును అచటనే గలదు. ముందుగ పలికి యుంచిన పాఠము వినువాని ముఖము చూడజాలదు. నాలుగు సమాధానములలో ఒకదానిని గుర్తించి, మార్కులు పొంది, ధ్రువపత్రమును భద్రపరచుకొనుటతో శిక్షణ ముగిసెనని తలంచువారు పెరుగుదురు. పత్రము చేతికి వచ్చును. బడిలో పాఠము మాత్రము మునుపటివలెనే నడచును.

ఒకే గదిలో మూడు తరగతుల పిల్లలను కూర్చుండబెట్టుకొన్న ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? అక్షరములు గుర్తించియు పదము చదువలేని బాలునకు ఎచ్చట ఆటంకము కలుగుచున్నది? ఇంట సవరయో కోయయో మాట్లాడు శిశువు తెలుగు వాచకమును ఎట్లు అందుకొనును? ఈ ప్రశ్నలకు సమాధానము, ఏండ్లతరబడి అట్టి గదులలో నిలిచినవారు చెప్పవలసినదే. ఆ అనుభవము పదవీ విరమణ నాటి పూలదండతో ఇంటికి పోవుచున్నది. జాతి ధనమిట్లు వ్యర్థమగుట ఎంత శోచనీయము!

విరమణము విశ్రాంతికే యని మన పెద్దలు తలంపలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1911లో పర్లాకిమిడి కళాశాల నుండి విరమించిరి. ఆ పిమ్మటనే వారి భాషోద్యమము ఉధృతమయ్యెను. సవరభాషా వ్యాకరణ గ్రంథము 1931లో వెలువడెను. భాషావాదమున వారితో ఏకీభవింపనివారును ఆ దీక్షకు నమస్కరింపక తప్పదు.

2020 నాటి విధానము కళాశాలాధ్యాపకులకు మార్గదర్శకులుగ విశ్రాంతాచార్యులను సమకూర్పవలెనని పలికినది. 2022లో పాఠశాలల కొఱకును ఇట్టి ప్రణాళిక కొన్ని కేంద్రీయ పాఠశాలలందు ప్రయోగరూపమున ఆరంభమైనది. ఊరి బడి ఉపాధ్యాయునకు ఈ తోడు అందరికంటె ఎక్కువ అవసరము. కావున ప్రతి జిల్లా శిక్షణ సంస్థయు అనుభవజ్ఞులైన విశ్రాంతుల పట్టికను సిద్ధపరచి, తెరపై పాఠము ముగిసిన పిమ్మట సందేహ నివృత్తికి వారిని నియోగింపవలెనని మేము కోరుచున్నాము. ఈ కార్యము తెలుగులో జరుగవలెను.

అయితే కొన్ని హెచ్చరికలు చేయక తప్పదు. విశ్రాంతులు లభించిరి గదా యని శిక్షణ సంస్థలలోని ఖాళీలను పూరింపకుండుట మహాపరాధము. వృద్ధుల సేవ యువకుల ఉద్యోగములకు అడ్డు కారాదు. రెండవది, పిలిచి పని చేయించుకొని ప్రయాణపు ఖర్చైనను ఈయకుండుట గౌరవము గాదు. పనికి హద్దును, తగిన పారితోషికమును నిర్ణయింపవలెను. మూడవది విశ్రాంతులకు చెప్పవలసినది. తమ కాలమే స్వర్ణయుగమను ఉపన్యాసము శిక్షణ కానేరదు. పాత కుర్చీపై అధికారమును ఆశింపక, క్రొత్త పద్ధతులను శిష్యులనుండియైనను నేర్చుకొనువారే ఈ పనికి తగుదురు. మొదట మేము పేర్కొన్న పెద్దలు ఆ యోగ్యతను తమ నడవడిచే చూపిరి.

యంత్రము విద్యకు దాసి కావలెను గాని దొర కారాదు. పాఠమును వేయి గ్రామములకు మోయు శక్తి యంత్రమునకు గలదు. దానిని ఒక్క ఉపాధ్యాయుని మనస్సునకు ఎక్కించు శక్తి మనుష్యునకే గలదు. ఆ మనుష్యులు మన జిల్లాలలో, మన వీధులలోనే యున్నారు. వారు తలుపు తట్టువఱకు వేచియుండక, ప్రభుత్వమే వారి యింటి తలుపు తట్టవలయును.