సూట్‌కేసులో బూట్లు

మన వాళ్ళల్లో ఈమధ్య పరుగు పిచ్చి బాగా ముదిరింది. ఒకప్పుడు పార్టీల్లో గ్రీన్ కార్డుల గురించీ, ఇళ్ళ ధరల గురించీ మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు మోకాళ్ళ నొప్పుల గురించీ, బెర్లిన్ మారథాన్ లాటరీ గురించీను. టోక్యో, బోస్టన్, లండన్, బెర్లిన్, షికాగో, న్యూయార్క్ – ఈ ఆరూ పూర్తి చేస్తే ఇచ్చే పతకం కోసం సెలవులన్నీ దాచుకునే మిత్రులు నాకున్నారు. 2025లో సిడ్నీ కూడా ఆ వరసలో చేరింది. పాపం, వాళ్ళ క్రెడిట్ కార్డులకి ఇప్పట్లో విశ్రాంతి లేదు.

నాకు పతకాల మోజు లేదు గాని, కాన్ఫరెన్సులకని ఏ ఊరు వెళ్ళినా పొద్దున్నే లేచి ఆ ఊళ్ళో పరుగెత్తడం అలవాటు. టోక్యోలో రాజప్రాసాదం చుట్టూ తిరిగితే సుమారు 5 కిలోమీటర్లు. దారిలో ఎక్కడా సిగ్నల్ దగ్గర ఆగక్కర్లేదు. అక్కడ పరుగెత్తే వాళ్ళంతా అప్రదక్షిణంగా తిరుగుతారు. నేను తెలియక, గుళ్ళో అలవాటు కొద్దీ, ప్రదక్షిణంగా బయల్దేరాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎదురొచ్చిన ప్రతివాడూ మర్యాదగా పక్కకి తప్పుకుంటుంటే నాకే అర్థమై, సిగ్గుపడి వెనక్కి తిరిగాను. టూరిస్టు బస్సు కిటికీలోంచి ఊరు చూస్తే ఇలాంటి పాఠాలు దొరకవు.

అయితే నా ఫిర్యాదు వేరే ఉంది. ఊరూరా పరుగెత్తే మనం సొంత ఊరికి వెళ్ళినప్పుడు మాత్రం బూట్లు సూట్‌కేసులోంచి తియ్యం. ఎందుకండీ అంటే ఎండ, దుమ్ము, కుక్కలు అంటాం. మాది రాజమండ్రి. డిసెంబరులో తెల్లవారుజామున అక్కడ ఎంత చల్లగా ఉంటుందో, జులైలో మా హ్యూస్టన్‌లో పరుగెత్తేవాళ్ళని అడగండి, ఎగిరి గంతేస్తారు. కుక్కల మాట నిజమే. అవి వెంటపడితే పరుగు ఆపి, మెల్లిగా నడవాలి. ఖర్మ కాలి కరిస్తే పావుగంట సేపు సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. డాక్టర్ని కాబట్టి ఆ మాట చెప్పకుండా ఉండలేను.

కాని అసలు కారణం కుక్కలు కాదు. నా సంగతే చెబుతాను. మా ఆవిడ 2018లో షికాగో మారథాన్ వానలో తడుస్తూ 42 కిలోమీటర్లూ పూర్తి చేసింది. ఆ తర్వాత మేం రాజమండ్రి వెళ్ళినప్పుడు నేను పొద్దున్నే గోదావరి గట్టుకి బయల్దేరుతూ, తనతో "ఇక్కడ నువ్వెందుకులే, బాగుండదు" అన్నాను. రెండు ప్రయాణాల్లోనూ అదే మాట. అమ్మ అనలేదు, ఇరుగుపొరుగు అనలేదు. అన్నది నేను.

1967లో బోస్టన్‌లో కాథరిన్ స్విట్జర్ నంబరు పెట్టుకుని పరుగెడుతుంటే, ఒక నిర్వాహకుడు వెంటపడి ఆ నంబరు లాగెయ్యబోయాడు. ఆవిడ ఆగకుండా పరుగు పూర్తి చేసింది. అయినా ఆడవాళ్ళకి అక్కడ అధికారికంగా అనుమతి రావడానికి 1972 దాకా పట్టింది. ఆ ఫోటో చూసినప్పుడల్లా "ఎంత మూర్ఖుడు!" అనుకునేవాణ్ణి. నేను వెంటపడి నంబరు లాగలేదు గాని, గుమ్మంలోనే ఆపేశాను. తేడా అంతే.

2022 డిసెంబరులో మా ఆవిడ నన్ను అడగలేదు. బూట్లు తొడుక్కుని నాకంటే ముందే గుమ్మం దాటింది. గట్టు మీద చీర మీద కాన్వాసు బూట్లు వేసుకుని నడిచే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. పరుగెత్తేది మాత్రం తనొక్కతే. ఒక పెద్దావిడ ఆపి, "ఎవరన్నా తరుముతున్నారా అమ్మా?" అని నిజంగానే కంగారుపడింది. మూడో రోజుకి ఆవిడే చెయ్యూపుతూ, "ఇవాళ ఆలస్యమైందే?" అని అడగడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం అమ్మ, నాతో కాదు, కోడలితో అంది: "రేపు నన్నూ గట్టు దాకా తీసుకెళ్ళు. నువ్వు పరుగెత్తి వచ్చేదాకా మెట్ల మీద కూచుంటాను. పొద్దున్న పూట గోదావరిని చూసి ఎన్నేళ్ళయిందో."

గట్టుకి మా ఇల్లు రెండు వీధుల దూరం.