బియ్యం సరే, ఆటో కిరాయి ఎవరిస్తారు?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల నిండా క్యూఆర్ కోడ్‌లే. డబ్బులేసే ముందు అందరూ అడిగింది ఒకటే: "మా రూపాయిలో బాధితులకి ఎంత చేరుతుంది?" నూటికి నూరు పైసలూ చేరాలట! బియ్యం బస్తాలు వాటంతటవే నడిచి వెళ్లవు కదా. ఆటో కిరాయి, లెక్కలు రాసే మనిషి జీతం సేవలో భాగం కావా?

ఈ అనుమానం మన చట్టాల్లోనూ ఉంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ, పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించేసింది. ఆస్పత్రిలో డాక్టరు, బడిలో టీచరు జీతాలు ఇందులోకి రావు, అది మంచిదే. కానీ అకౌంటెంటు, మేనేజరు, ఆఫీసు అద్దె వస్తాయి. మరోపక్క కాగితాల పని పెరిగింది. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి, ఏటా ఆడిట్ చేసిన లెక్కలు పంపాలి. లెక్కలు పక్కాగా కావాలి, లెక్కలు రాసేవాడికి మాత్రం డబ్బులివ్వొద్దు అంటే ఎలా?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. విదేశీ గ్రాంటు తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకి ఇవ్వకూడదని కూడా ఆ సవరణే చెప్పింది. ఇంతకుముందు పెద్ద సంస్థ లెక్కల బరువు మోసేది, ఊళ్లోని చిన్న సంఘం పని చేసేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. డబ్బులు మింగే ఎన్జీవోలు లేవా అంటారు. ఉన్నాయి. వాళ్లని పట్టుకోవాలన్నా ఆడిటర్ కావాలి, ఆడిటర్‌కి ఫీజు కావాలి!

అనంతపురం మిత్రులకి ఆర్డీటీ గురించి నేను చెప్పక్కర్లేదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆ సంస్థకి స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాలే ఏళ్లపాటు పెద్ద అండగా నిలిచాయి. బత్తలపల్లి ఆస్పత్రి ఇవాళ ఉంది, రేపూ నడవాలి. వరదొచ్చినప్పుడు మాత్రమే జేబులో చెయ్యి పెడితే ఆస్పత్రి నడవదు. మనవాళ్లకి చీరలు పంచిన ఫోటో కనిపించాలి, కరెంటు బిల్లు కట్టిన రసీదుని ఎవరు షేర్ చేస్తారు?

ఈసారి మన క్లబ్ విరాళాల ఫారంలో ఇంకో గడి పెడదాం: "రవాణా, జీతాలు, ఆడిట్ కోసం". అందులో ఎవరూ వెయ్యకపోతే మొదటి వంద నాది.