వాయిదా కూడా శిక్షే

దుమ్ముగూడెం దాటిన తరువాత అడవి అంచున ఉన్న ఒక పల్లె నుండి ఇటీవల ఒక సోదరి మా వద్దకు వచ్చింది. భర్త విడాకులిచ్చి నాలుగేళ్ళయింది. ఇద్దరు పిల్లలు. భర్త ఉండేది ఖమ్మంలో కనుక అక్కడే వేయాలని ఎవరో చెప్పగా, భరణం కోసం అక్కడే కేసు వేసింది. తెల్లవారకముందే బయలుదేరి భద్రాచలం చేరి, అక్కడి నుండి 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కోర్టు మెట్లెక్కితే ఆమెకు దక్కుతున్నది మరొక తేదీ మాత్రమే. ఒకసారి ప్రతివాది రాడు, ఒకసారి వకీలు రాడు, ఇంకొకసారి న్యాయాధికారి సెలవు. "ఓడిపోయినా బాగుండేది, ఈ తిరుగుడైనా తప్పేది" అన్నదామె. న్యాయం కోరి వచ్చిన మనిషి ఓటమిని కోరుకొనే స్థితికి రావడం కంటె వ్యవస్థకు అవమానం వేరే ఏముంటుంది?

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దశాబ్దాలు గడిపిన మాకు ఆలస్యం ఎట్లా పుడుతుందో తెలుసు. ఎవరూ కాదనరు, ఎవరూ ఔననరు. 'పరిశీలనలో ఉన్నది' అని రాసి ఫైలును కట్టలో చేర్చిన రోజులు మాకూ ఉన్నవి. ఆ కట్ట కింద ఒక కుటుంబం నలుగుతున్నదని ఆనాడు మాకు తట్టలేదు. అందుకే చెబుతున్నాము: ఆలస్యం ఎవరి పక్షమూ వహించదనుకోవడం పొరపాటు. ఉన్నవాడు ఎన్నేళ్ళయినా ఆగగలడు, ఆకలి ఆగలేదు. కనుక ప్రతి వాయిదా బలవంతుడికి అనుకూలంగా వెలువడే చిన్న తీర్పే.

హైదరాబాదు మక్కా మసీదు ఉదంతం మన కళ్ళ ముందే ఉన్నది. 2007 మే 18న జుమా నమాజు వేళ జరిగిన పేలుడులో 9 మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో 5గురు ప్రాణాలు కోల్పోయారు. అనుమానంతో పట్టుకెళ్ళిన ముస్లిం యువకులు కోర్టుల చుట్టూ తిరిగి చివరకు నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు చేతులు మారింది. వేరే నిందితులపై నడిచిన కేసులో 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం సాక్ష్యాలు చాలవని ఐదుగురినీ విడుదల చేసింది. చేయని నేరానికి జైలుకు వెళ్ళినవారి యౌవనం తిరిగి రాలేదు. చనిపోయినవారి ఇళ్ళకు 11 ఏళ్ళ తరువాత కూడా దోషి ఎవరో తెలియలేదు. ఆలస్యం ఇరుపక్కలా కోసింది.

నేడు దేశంలోని ఖైదీలలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే. వారిలో ముస్లింల వాటా మన జనాభా నిష్పత్తికి మించి ఉన్నది. పూచీకత్తు ఇచ్చేవారు లేక లోపలే ఉండిపోయే చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల ఆదివాసీ సోదరుల బాధ మన బాధకు వేరు కాదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. బీహారు జైళ్ళలో ఏళ్ళ తరబడి మగ్గిన ఖైదీల పక్షాన హుస్సైనారా ఖాతూన్ అనే స్త్రీ పేరుతో నడిచిన కేసులో, సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1979లోనే ప్రకటించింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మరణశిక్ష గాని యావజ్జీవం గాని పడే నేరాలు తప్ప మిగతా వాటిలో, ఇతర కేసులేవీ లేని తొలిసారి నిందితుడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హుడు. అందుకు కోర్టుకు దరఖాస్తు పంపవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే.

భరణం విషయంలోనూ అంతే. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజులలో, సాధ్యమైనంత వరకు, తేల్చాలని చట్టం. భార్య తాను నివసించే ప్రాంతపు కోర్టులోనే కేసు వేసుకోవచ్చు. దరఖాస్తు వేసిన నాటి నుండే భరణం లెక్కించాలని సుప్రీంకోర్టు 2020లో రజనీష్, నేహా కేసులో చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడా ఈ సాధారణ చట్టం వర్తిస్తుందని మన తెలంగాణ నుండి వెళ్ళిన మొహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో 2024 జూలై 10న స్పష్టం చేసింది. మా వద్దకు వచ్చిన సోదరికి వీటిలో ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. ఇంటికి దగ్గరలో వేసుకోదగిన కేసుకు ఆమె నాలుగు జిల్లాల దూరమంత అలసట మోసింది.

ఖాళీగా ఉన్న న్యాయాధికారుల పదవులను నింపమనీ, 2008 నాటి గ్రామ న్యాయాలయాల చట్టాన్ని ఏజెన్సీ మండలాల గడప వరకు తెమ్మనీ ప్రభుత్వాన్ని నిలదీయవలసిందే. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయిన తరువాత భద్రాచలం పక్కనున్న ఎటపాక వేరే రాష్ట్రమైంది, దాని హైకోర్టూ వేరైంది. సరిహద్దు గీసిన ప్రభుత్వాలు ఆ గీతకు అటూ ఇటూ ఉన్న పేదల కాళ్ళ నొప్పిని కూడా లెక్కించాలి.

అయితే మన వంతు మాట? మన పెద్దమనుషుల పంచాయితీలు సైతం ఆడబిడ్డ మహర్ విషయాన్ని 'వచ్చే జుమాకు చూద్దాం' అని వాయిదా వేయడం లేదా? న్యాయాన్ని నిలబెట్టమన్న ఆదేశం న్యాయమూర్తులకు మాత్రమే వచ్చినది కాదు.

మా విన్నపం చిన్నది. ప్రతి మసీదు కమిటీ ఒక రిజిస్టరు తెరవాలి. మొహల్లాలో ఎవరి కేసు ఏ కోర్టులో ఉన్నది, ఎన్నడు వేశారు, ఎన్ని వాయిదాలు పడ్డవి, ఎందుకు పడ్డవి రాయాలి. స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు రాసిపెట్టే చదువుకున్న యువకుడొకరు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. వాయిదా రోజున ఆ సోదరి వెంట ఒక్కరైనా నడవాలి.

కట్టలో పడిన కాగితం అడిగేవాడుంటేనే పైకి వస్తుంది. కార్యాలయంలో మేము నేర్చుకున్న సత్యం ఇదొక్కటే. ఇన్నాళ్ళూ అడిగేవారు లేకనే మన కాగితాలు అడుగున పడి ఉన్నవి.