మాయాభోజనశాల

ఆకలి తీరడానికి అన్నం చాలు. మనసు నిండడానికి మరేదో కావాలి. ఆ మరేదో కోసమే మానవుడు కథలు అల్లాడు, జాతరలు జరిపాడు, నాటకాలాడాడు. నిత్యజీవితంలో కానరాని అద్భుతాన్ని ఒక్క పూటైనా కళ్ళారా చూడాలన్న కోరిక పండితునికీ పామరునికీ సమానమే. ఆ కోరికను ఆధారం చేసుకొని వెలసినవే నేటి వింత భోజనశాలలు. ఒకచోట గుహ, ఒకచోట అడవి, మరొకచోట చెరసాల. హైదరాబాదులోని ‘ప్లాట్‌ఫాం 65’లో బొమ్మరైలు వంటకాలను మోసుకొని బల్ల దగ్గరకు వస్తుంది. పసివారు చప్పట్లు కొడతారు, పెద్దలు పసివారవుతారు.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది కాదు. 19వ శతాబ్ది చివరి దశకంలో పారిస్ నగరంలో స్వర్గం పేరిట ఒకటి, నరకం పేరిట ఒకటి, పక్కపక్కనే వినోదశాలలు వెలిశాయి. 1994లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ‘రెయిన్‌ఫారెస్ట్ కెఫే’ ప్రారంభమైంది. అక్కడ కృత్రిమమైన అడవిలో, ఉరుములు మెరుపుల నడుమ భోజనం చేయవచ్చు. ఇక ఇల్లు విడిచి బయట భుజించడం పాశ్చాత్యుల అలవాటని భావించేవారు వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామం’ చదవాలి. కాకతీయుల ఓరుగల్లులో ఒక రూకకు కమ్మని భోజనం పెట్టిన పూటకూళ్ళ ఇల్లు అందులో కనిపిస్తుంది.

విందునూ వింతనూ జతచేయడంలో తెలుగువారు ఎవరికీ తీసిపోలేదు. 1957లో విడుదలైన ‘మాయాబజార్’ చిత్రంలో ఘటోత్కచుడు పెండ్లి భోజనాన్ని ఒంటరిగా ఆరగించే దృశ్యాన్ని ఎరుగని తెలుగువాడు అరుదు. ఆ చిత్ర నిర్మాతలలో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లాకు చెందినవారు. దర్శకుడు కె.వి. రెడ్డి పొరుగున ఉన్న తాడిపత్రివారు. 1947 జులైలో ‘చందమామ’ను ప్రారంభించి, రాక్షసులనూ రాకుమారులనూ ఇంటింటికీ చేర్చినదీ ఆ నాగిరెడ్డి, చక్రపాణి గారలే. ఆ పత్రిక నేడు వెలువడడం లేదు. కాని అది పెంచిన ఊహ రెండు మూడు తరాల మనస్సులలో నిలిచి ఉంది. వానకోసం ఆకాశంవైపు చూసే సీమనుండి ఇంతటి కల్పనాసంపద వెలువడింది. కనుక మాయాలోకం వంటి భోజనశాలకు పోవాలని కోరే పిల్లలను తప్పుపట్టడం న్యాయం కాదు. అక్కడికి పోయి ఏమి పొందుతున్నారు, ఏమి పోగొట్టుకొంటున్నారు అన్నదే ఆలోచించదగిన విషయం.

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించవచ్చు. తల్లి జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఉంటుంది. కొడుకు ప్రొద్దుటూరులో బంగారు దుకాణంలో గుమాస్తా. కూతురిని పులివెందులకు ఇచ్చారు. కొడుకు పిల్లలకు ఆమె ‘జేజి’. కూతురి పిల్లలకు ‘అవ్వ’. దసరా సెలవులలో అందరూ ప్రొద్దుటూరులో కలుసుకొన్నారు. పిల్లల కోరికపై పట్టణ శివారులోని మాయాలోక భోజనశాలకు బయలుదేరారు. ఆ ఉదయమే జేజి రాగిసంగటి గెలికి, తడిచేత్తో ముద్దలు చేసి, చెనక్కాయల ఊరుబిండి నూరి ఉంచింది. “ఈ పూట సంగటి ఎవరు తింటారమ్మా!” అని కొడుకు నవ్వుతూనే అన్నాడు. ఆమె మారుమాట లేకుండా గిన్నెపై మూత పెట్టింది.

లోపల సిమెంటుతో పోసిన కొండలు, మోటారుతో పారే జలపాతం, నీలిరంగు దీపాలు. జేజి ఒక బండను చేత్తో తడిమి, “ఇవి నిజం రాళ్ళేనా నాయనా?” అని మనుమణ్ణి అడిగింది. వాడు పకపక నవ్వాడు. ఆ ప్రశ్నలో నవ్వదగినది లేదు. జమ్మలమడుగుకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే గండికోట ఉంది. ఎర్రని శిలలను చీల్చుకొని పెన్నానది ప్రవహించే ఆ లోయను చూడడానికి దేశదేశాలనుండి యాత్రికులు వస్తున్నారు. కోటలో మాధవస్వామి ఆలయం, జుమ్మా మసీదు, విశాలమైన ధాన్యాగారం నేటికీ నిలిచి ఉన్నాయి. నిజమైన బండల నడుమ బ్రతికిన వృద్ధురాలికి బొల్లుబండలు వింతగా తోచడం సహజం. నిజమైన బండలను ఎన్నడూ చూపించక బొల్లుబండలకు రుసుము చెల్లించి మురిసిపోవడమే ఆలోచించవలసిన సంగతి.

కొంతసేపటికి రాక్షసవేషం ధరించిన యువకుడొకడు పళ్ళెరాలతో వచ్చాడు. చిన్నపిల్ల కెవ్వుమన్నది. అతడు వెంటనే కోరల ముసుగు తొలగించాడు. ముఖమంతా చెమట. మీసాలు కూడా సరిగా రాని కుర్రవాడు. పగలు ఇంటర్మీడియట్ చదువుతూ, సెలవుదినాల్లో రాత్రివేళ అక్కడ పనిచేస్తున్నాడు. అంతవరకు పిల్లలు ఛాయాచిత్రాలు తీసుకోవడంలో, పెద్దలు ధరల పట్టిక చూడడంలో మునిగి ఉన్నారు. జేజి మాత్రం తన ముందున్న మంచినీళ్ళ గ్లాసును అతనివైపు జరిపి, “నువ్వు అన్నం తిన్నావా నాయనా?” అని అడిగింది. అతడు తల వంచుకొని, “అందరూ తిన్నాక తింటాము అవ్వా” అన్నాడు. బల్లచుట్టూ ఒక్క క్షణం నిశ్శబ్దం ఆవరించింది.

వేల రూపాయలు వెచ్చించిన ఆ సాయంకాలంలో వెల కట్టలేని వస్తువు ఆ ఒక్క ప్రశ్నయే. జలపాతాన్ని మోటారుతో పారించవచ్చు. కొండను సిమెంటుతో నిలపవచ్చు. ఎదుటివాని ఆకలిని గుర్తించే చూపును మాత్రం ఏ శిల్పీ పోతపోయలేడు. తెలుగు సాహిత్యంలో ఆతిథ్యానికి కొలమానం పదార్థాల సంఖ్య కాదు. ‘ఆముక్తమాల్యద’లోని విష్ణుచిత్తుడు ఋతువునకు తగిన వంటకాలతో అతిథులను సేవించి కూడా, తాను పెట్టినది స్వల్పమనే భావించాడు. వడ్డించే చేతిలోని వినయమే అక్కడ విందు.

అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’ ఈ సందర్భంలో తప్పక స్మరింపదగినది. శ్రీకృష్ణదేవరాయలు ఆ మహాకవికి అగ్రహారంగా ఇచ్చిన కోకటం ఈ కడప జిల్లాలోనిదే. అందులోని ప్రవరుని వృత్తాంతం ఒక విధంగా మాయావిహారమే. ఇంటికి వచ్చిన సిద్ధుడు పాదలేపం ఇస్తాడు. దాని మహిమతో ప్రవరుడు క్షణంలో హిమాలయానికి చేరుతాడు. అక్కడి వింతలను కన్నులపండువుగా చూస్తాడు. ఇంతలో మంచునీటికి లేపం కరిగిపోతుంది. అప్పుడు అతనికి జ్ఞప్తికి వచ్చినవి ఇల్లు, తల్లిదండ్రులు, నిత్యాగ్నిహోత్రం, అతిథులు. వరూధిని చూపిన భోగాలు అతణ్ణి ఆపలేకపోయాయి. అద్భుతాన్ని చూడాలనుకోవడం ప్రవరుని దోషం కాదు. ఆ అద్భుతం ఇంటిని మరపింపజేయలేకపోవడమే అతని ఔన్నత్యం.

నేటి భోజనశాలల దీపకాంతి కూడా ఒక పాదలేపం వంటిదే. అది రెండు గంటలకు మించి నిలవదు. అది కరిగిన తరువాత మిగిలేది ఏది అన్నదానినిబట్టి ఆ విహారం విలువ తేలుతుంది. ఛాయాచిత్రాలు మాత్రమే మిగిలితే ఖర్చు దండుగ. తోబుట్టువులు కలిసి నవ్విన నవ్వు, పిల్లలు అవ్వతో పంచుకొన్న ముచ్చట మిగిలితే అది సద్వినియోగమే. ఏడాదికొకసారి కలిసే కుటుంబానికి వినోదం వద్దనడం కఠినత్వం. అయితే ఆ వినోదం కోసం ఇంటి వంటను చిన్నచూపు చూడడం, వృద్ధుల మాటను పరిహసించడం, వడ్డించేవానిని వేషంగానే తప్ప మనిషిగా చూడకపోవడం అంతకంటె కఠినత్వం. కష్టపడి చదువుకొనే విద్యార్థి ముసుగు ధరించడంలో అవమానం లేదు. ముసుగు వెనుక ముఖమున్నదని మరచిన వారికే అవమానం.

ఆ రాత్రి ఇల్లు చేరేసరికి చాలా ప్రొద్దుపోయింది. పేర్లు పలకలేని వంటకాలు సగం పళ్ళెరాలలోనే మిగిలిపోయినందున పిల్లలకు మళ్ళీ ఆకలి వేసింది. కొడుకు తానే గిన్నెమీది మూత తీశాడు. చల్లారిన సంగటిముద్దను మజ్జిగలో పిసికి, ఊరుబిండి నంజుతూ అందరూ వరండాలో వలయంగా కూర్చున్నారు. “జేజీ, రేపు మమ్మల్ని గండికోటకు తీసుకుపోతావా?” అని మనుమడు అడిగాడు. “పోదాం నాయనా, సంగటి మూటగట్టుకొని పోదాం” అన్నది ఆమె. కొడుకు మాత్రం ఆ వేషధారి కుర్రవాడు ఈపాటికి అన్నం తిన్నాడో లేదోనని తలచుకొన్నాడు. అంతటి తలపును కలిగించగలిగితే మాయాభోజనశాలకు వెళ్ళిరావడం కూడా సార్థకమే.