అద్దె ఫ్లాట్‌లో లైట్ ఉన్న రిమోట్ ఫ్యాన్: స్పీడ్ కంటే ముందు స్విచ్ సంగతి చూడండి

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు అద్దె ఫ్లాట్ తీసుకున్నారా? కింద ఎల్‌ఈడీ లైట్ ఉన్న, రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్ మంచి అప్‌గ్రేడే. మామూలు ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో దాదాపు 75 వాట్లు తీసుకుంటే, ఇది లైట్ కాకుండా 30-35 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకి 12 గంటలు అలా తిరిగితే నెలకు సుమారు 14 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు బీఈఈ స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి మోడల్స్ పోల్చుకోవడమూ సులువే.

కానీ నా దృష్టిలో అసలు ప్రశ్న వేరే: రిమోట్ కనబడకపోతే ఈ ఫ్యాన్ సంగతేంటి? ముగ్గురు రూమ్‌మేట్స్ ఉన్న ఇంట్లో ఆ ఒక్క రిమోట్ ఎప్పుడూ ఎవరి దుప్పటి కిందో ఉంటుంది. నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్లకి ఇంకో తిప్పలు: కరెంట్ పోయి వచ్చినప్పుడు లైట్ దానంతటదే వెలిగితే నిద్ర ఖతం. అందుకే షాపులో మూడు పనులు చేయండి. స్విచ్ ఆపి మళ్లీ వేయించి లైట్, స్పీడ్ ఏమవుతాయో చూడండి. రిమోట్ ఐఆర్ రకమా, ఆర్‌ఎఫ్ రకమా అడగండి. ఐఆర్ అయితే ఫ్యాన్ వైపు చూపించి నొక్కాలి. స్పేర్ రిమోట్ విడిగా దొరుకుతుందో లేదో కనుక్కోండి.

ఫిట్టింగ్‌కి ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. పాత రెగ్యులేటర్‌ని లైన్‌లోంచి తీయించాలి, బీఎల్‌డీసీకి అది పడదు. దాన్ని, పాత ఫ్యాన్‌ని జాగ్రత్తగా దాచండి. ఖాళీ చేసేటప్పుడు ఓనర్‌కి మళ్లీ బిగించి ఇవ్వాలిగా! గోడ మీది ట్యూబ్‌లైట్ మాత్రం తీయొద్దు. ఫ్యాన్ సర్వీస్‌కి వెళ్తే గది చీకటైపోకూడదు.

రిమోట్ పోతే నడవని మోడల్‌ని, ఎంత అందంగా ఉన్నా, నేనైతే వదిలేస్తాను.