నెమ్మదిగా కదిలే హక్కు

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం పేరిట విశాఖలో ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షల మందికి పైగా జనం చేత ఒకేసారి ఆసనాలు వేయించారు. ప్రధాని వచ్చారు. రికార్డులు లెక్కగట్టారు. అంతకు ముందురోజు వేలాది గిరిజన విద్యార్థుల చేత 108 సూర్య నమస్కారాలు చేయించారు. నెల రోజులు సాగిన ఈ ‘యోగాంధ్ర’ ఆర్భాటాన్ని స్త్రీల ఆరోగ్య దృక్పథం నుంచి చూస్తే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఏళ్ల తరబడి నడుం నొప్పితో, మోకాళ్ల నొప్పితో బతుకుతున్న స్త్రీకి ఇందులో చోటెక్కడ?

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని ఉప్మాక, వేంకటేశ్వరస్వామి కొండతో పేరుపడ్డ ఊరు. అక్కడ స్త్రీలతో మాట్లాడుతుంటే నొప్పి ప్రస్తావన మనం అడగకుండానే వస్తుంది. నాట్లు, కలుపు, ఉపాధి పని, నీళ్ల బిందెలు, వంట, అంట్లు - అన్నీ వంగి చేసేవే. రోజూ కాసేపు మెల్లగా వ్యాయామం చేస్తే మేలన్న మాట నేను ఎత్తినప్పుడు ఒకామె అంది: “పొద్దల్లా కదుల్తానే ఉన్నాను కదమ్మా, ఇంకా ఏటి కదలమంతారు?”

ఈ మాటను అజ్ఞానమని కొట్టిపారేసేవారు శ్రమ గురించి ఏమీ ఆలోచించనట్టే. పనిలో శరీరం కదులుతుంది, నిజమే. కానీ ఆ కదలికకు వేగాన్ని నిర్ణయించేది మేస్త్రీ, ముంచుకొస్తున్న వాన, వంటకి వేళ మించిపోతోందన్న భయం. గంటల తరబడి ఒకే భంగిమ. నొప్పి పుట్టినా ఆగే వీలు లేదు. నేను చెప్తున్న వ్యాయామం తీరు వేరు. కుర్చీలోనో, మంచం మీదో కూర్చుని ఊపిరితో పాటు చేతులు మెల్లగా పైకెత్తడం, నడుం కొద్దిగా అటూ ఇటూ తిప్పడం, గోడ పట్టుకుని బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం. నొప్పి ముదరక ముందే ఆగిపోవడం. ఇవాళ 5 నిమిషాలు చాలనుకుంటే 5 నిమిషాలే. ఇక్కడ వేగాన్ని నిర్ణయించేది ఆమే, ఆపేదీ ఆమే. రోజంతటిలో ఆమె శరీరం ఆమె ఆధీనంలో ఉండే సమయం బహుశా ఇదొక్కటే.

3 నెలలకు మించి ఉండే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. చాలా సందర్భాల్లో తొలి గాయం మానినా నాడీవ్యవస్థ ప్రమాద సంకేతాలు పంపుతూనే ఉంటుంది. భయంతో ఒళ్లు బిగపట్టుకుంటాం, కదలడం తగ్గిస్తాం, కండరాలు బలహీనపడతాయి, నొప్పి పెరుగుతుంది. మెల్లని కదలికా నిదానమైన ఊపిరీ ఈ వలయాన్ని కొంత సడలిస్తాయి. ఒళ్లంతా నొప్పులతో, అలసటతో వేధించే ఫైబ్రోమయాల్జియా ఉన్న 226 మందిపై జరిగిన ఒక పరిశోధన 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. చైనా వారి తాయ్‌చీ మామూలు ఏరోబిక్ వ్యాయామంతో సమానంగానో, అంతకన్నా మెరుగ్గానో పనిచేసిందని అది తేల్చింది. దీర్ఘకాలిక నడుం నొప్పికి యోగాపై 2022లో వచ్చిన కొక్రేన్ సమీక్ష మాత్రం, ఏ వ్యాయామమూ చేయకపోవడం కన్నా మేలేననీ, ఆ మేలు చిన్నదేననీ చెప్పింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడుం నొప్పికి వ్యాయామాన్ని సిఫారసు చేస్తూ, నడుం బెల్టులనీ ఓపియాయిడ్ మందులనీ మామూలు వైద్యంగా వాడొద్దంది. చిన్న మేలుని చిన్న మేలుగానే చెప్పాలి. సర్వరోగ నివారిణి అని అమ్మేవాళ్లని నమ్మి చేసి, నొప్పి తగ్గకపోతే ‘నువ్వు సరిగ్గా చేయలేదు’ అన్న నింద కూడా ఆమే మోయాలి.

‘మనసు - శరీరం’ అన్న మాట దగ్గర కూడా మనం జాగ్రత్తపడాలి. స్త్రీల నొప్పిని ‘వయసు’, ‘నరాల బలహీనత’, ‘ఊహ’ అని తోసేసిన చరిత్ర వైద్యానికి ఉంది. నొప్పి ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనానికి జోడించింది. ఆ గౌరవం లేనిచోట ఏమవుతుందో మన రాష్ట్రంలోని గర్భసంచి ఆపరేషన్లను చూస్తే తెలుస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దీనికి కారణాలు అనేకం. కానీ నడుం నొప్పని వెళ్లిన స్త్రీకి ‘గర్భసంచి తీయించుకో’ అన్న సలహా మన పల్లెల్లో కొత్తదేమీ కాదు. కత్తికి దారి ఇంత సులువుగా దొరుకుతున్నప్పుడు కుర్చీకీ, అరగంట తీరికకీ ఎందుకు దొరకదు?

తీరిక దగ్గరే అసలు చిక్కు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఇంటిపని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. ఆమెకి వ్యాయామం నేర్పి ఆ అరగంట ఎక్కడినుంచి తెచ్చుకోవాలో చెప్పకపోతే, ఆమె చేయాల్సిన పనుల జాబితాలో ఇంకొకటి చేర్చినట్టే. అది నిద్రలోంచి తెగ్గోసుకోవాల్సిందే.

ఇక ప్రభుత్వం సంగతి. ఆయుష్ ఆరోగ్య కేంద్రాలకు పార్ట్‌టైం యోగా శిక్షకుల కోసం ఇచ్చిన నోటిఫికేషన్లు చూడండి. తరగతికి 250 రూపాయల లెక్కన, పురుష శిక్షకుడికి నెలకి 32 తరగతులు, 8,000 రూపాయలు. స్త్రీ శిక్షకురాలికి 20 తరగతులు, 5,000 రూపాయలు. ‘సమాన పనికి సమాన వేతనమే ఇస్తున్నాం కదా’ అని అధికారులు అనొచ్చు. పనే తక్కువ ఇస్తే సమానత్వం ఎక్కడిది? మగ శిక్షకుడి ముందు కొంగు సర్దుకుంటూ నడుం వంచలేని స్త్రీలకు ఆ తగ్గించిన 12 తరగతులే కదా కావలసింది!

గర్భనిరోధక ఇంజెక్షన్ నెట్-ఎన్ ప్రయోగాల మీద స్త్రీశక్తి సంఘటన, ఇతర సంఘాలు 1986లో సుప్రీంకోర్టుకెక్కాయి. పటాన్‌చెరులో స్త్రీలకు పూర్తి సమాచారం ఇవ్వకుండా సూది వేయబూనడమే ఆ పోరాటానికి మూలం. స్త్రీ శరీరం మీద నిర్ణయం స్త్రీదేనని ఆనాడు గర్భాశయం గురించి అన్న మాటను ఇవాళ వెన్నెముక గురించీ, మోకాలి గురించీ అనాలి.

అందుకు స్పష్టమైన కోర్కెలున్నాయి. ఆరోగ్య కేంద్రాల్లో స్త్రీ శిక్షకురాళ్లకు పురుషులతో సమానంగా తరగతులు కేటాయించాలి. నేలమీద కూర్చోలేనివారికి కుర్చీలుండాలి. మంత్రాలు, మతచిహ్నాలు షరతు కాకూడదు. దర్గాకి వెళ్లే స్త్రీకీ, చర్చికి వెళ్లే స్త్రీకీ ఊపిరి ఒకటే. జ్వరంతో కూడిన నొప్పి, కాళ్ల తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆసనాలతో కాలయాపన చేయకుండా డాక్టరు దగ్గరికి పంపే బాధ్యత శిక్షకురాలికి ఉండాలి. డ్వాక్రా సంఘాలు కావాలంటే చోటివ్వొచ్చు, కానీ హాజరుని అప్పుకి ముడిపెట్టకూడదు. కూలి పనిచోట ఈ అరగంటని పనిగంటల్లో భాగంగా, కూలి కోయకుండా ఇవ్వాలి. ఇంట్లో ఆ అరగంట మగవాళ్లు పొయ్యి దగ్గర నిలబడాలి.

ఇవేవీ ఇవ్వకుండా ఏడాదికోసారి సముద్రం ఒడ్డున చాపలు పరిస్తే స్త్రీల నొప్పి తగ్గదు. వచ్చే జూన్‌లో అధికారులు జనాన్ని సమీకరించడానికి ఊళ్లలోకి వచ్చినప్పుడు, మన సంఘాలు ముందుగా అడగాల్సింది ఒకటే: మిగిలిన 364 రోజులకీ మా ఊరి శిక్షకురాలు ఎవరు? ఆమె ఏ వేళకి వస్తుంది?