తలుపులు తెరిచే ఉన్నాయి, దారులే మూసుకుపోయాయి

ఆస్పత్రి గుమ్మంలో ఎవరూ మతం అడగరు కదా, మరి ముస్లింలకు వేరే అడ్డంకులేమిటని మమ్మల్ని ప్రశ్నించేవారున్నారు. గుమ్మం దాకా చేరినవారి విషయంలో ఆ మాట కొంతవరకు నిజమే. మేము మాట్లాడుతున్నది చేరలేనివారి గురించి. వచ్చినవారికి ఓపీ చీటీ ఉంటుంది, రిజిస్టరులో వరుస సంఖ్య ఉంటుంది. రానివారికి ఏ రిజిస్టరూ లేదు.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. పాలన గడప దగ్గరకు వస్తుందన్నారు. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వీటిని మనసారా స్వాగతిస్తున్నాము. అయితే జిల్లా కేంద్రంలో లేచిన భవనం పలిమెలకో, గంగారం, కొత్తగూడ మండలాల గూడేలకో తనంతట తాను నడిచిపోదు.

బండి మీద పండ్లమ్మేవారు, హమాలీలు, మెకానిక్కులు, పరుపులు కుట్టే దూదేకులవారు ఏ పూట సంపాదన ఆ పూటే తినేవారు. చీటీకి ఒక వరుస, డాక్టరుకు మరో వరుస, రక్తపరీక్షకు ఇంకో వరుస. ఫలితం చూపించడానికి మరో రోజు. ఉచిత వైద్యం ఖరీదు రెండు రోజుల కూలి! అందుకే జబ్బు ముదిరేదాకా ఆర్‌ఎంపీ సూదే దిక్కు. ముదిరాక వడ్డీకి అప్పు చేసి వరంగల్ ఎంజీఎంకు పరుగు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. సంతోషమే. కానీ ఆ పెట్టెకు తాళంచెవి కాగితాలే. ఆధార్‌లో ‘బేగం’, రేషన్ కార్డులో ‘బీ’ అని ఉంటే మనిషి ఒకరే అని నిరూపించుకునే భారం రోగిదే. ఇంట్లో కన్నుమూసి, ఖబరస్తాన్‌లో ఖననమైన భర్త మరణం నమోదు కాకపోతే భార్యకు వితంతు పింఛను అందదు. ఆమె దుఃఖానికి ఊరంతా సాక్ష్యమే. దరఖాస్తుకు మాత్రం సాక్ష్యం లేదు.

ఉర్దూ 2017లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. చట్టంలో ఉన్న ఆ భాష మందుల కౌంటరు దాకా రావాలి. మహిళా డాక్టరు లేనిచోట మన ఆడవారు తమ బాధను భర్త నోటితో చెప్పిస్తున్నారు. సగం బాధ దారిలోనే ఆగిపోతోంది.

ఇది ముస్లింల గోడు మాత్రమే కాదు. లంబాడా తండాకూ, కోయ గూడేనికీ, దళితవాడకూ ఇదే దూరం, ఇదే కాగితం. ఒకరి వాటా తగ్గించి మాకివ్వమని మేము అడగడం లేదు. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం విధి అని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లింల వెనుకబాటుపై సుధీర్ కమిషన్ నివేదిక 2016లోనే ప్రభుత్వం చేతికందింది. ఇక తెలియదనే మాటకు చోటు లేదు.

మేము కోరేవి పెద్ద భవనాలు కావు. కూలి ముగిశాక చేరగలిగేలా వారానికి రెండు సాయంత్రాలు ఓపీ. బస్తీలో, తండాలో నెలకొకసారి పేర్ల సవరణకూ ధ్రువపత్రాలకూ ఉమ్మడి శిబిరం. ఉర్దూ, లంబాడీ, కోయ తెలిసిన సహాయకులు. మహిళా వైద్యుల నియామకం. మసీదు కమిటీలూ ప్రతి జనాజా తరువాత మరణ నమోదు బాధ్యతను భుజాన వేసుకోవాలి.

తలుపు తెరిచామని చెప్పుకోవడం సులభం. రానివారు ఎందుకు రాలేదో వెళ్లి అడగడమే పాలన.